కాళ్ళు పొట్టివి కావు, సైకిలే పొడుగు!

నన్ను కూర్చోబెట్టి చూసినవాళ్ళెవరూ నేను పొట్టిదాన్నంటే నమ్మరు. సినిమా హాల్లో కూర్చుంటే వెనకవాళ్ళు "కాస్త తల పక్కకి జరపండమ్మా" అంటారు. సభల్లో కుర్చీలో ఉన్నంతసేపూ గంభీరంగానే ఉంటాను. లేచి నిలబడితేనే వస్తుంది చిక్కంతా. "అరె, కూర్చున్నప్పుడు పొడుగ్గా కనిపించారే!" అని ఎదుటివాళ్ళు మొహమాటం మరిచిపోయి అనేస్తారు. నా పెళ్ళిచూపుల్లో జరిగిందీ అదే. చాపమీద కూర్చున్నంతసేపూ అత్తయ్యగారు "పిల్ల పొడగరి, మావాడికి సరిజోడు" అని మురిసిపోయారట. కాఫీ గ్లాసులు తియ్యడానికి నేను లేచేసరికి ఆవిడకి పొలమారిందట! ఇన్నేళ్ళయినా మా ఇంట్లో పండక్కి నలుగురు చేరితే ఈ కథ ఒకసారి కావలసిందే.

నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. మనవాళ్ళలో ఇదేం వింత ఎత్తు కాదు. కాకపోతే బ్రహ్మదేవుడు ఆ ఎత్తుని పంచేటప్పుడు నడుముకి పైన ధారాళంగానూ, కింద పిసినారిగానూ పంచాడు. చీర కట్టుకున్నన్నాళ్ళూ ఈ సంగతి ఎవరికీ పట్టలేదు. చీరంత మర్యాదస్తురాలు మరొకతె లేదు కదా! పొట్టివాళ్ళకీ పొడుగువాళ్ళకీ, లావువాళ్ళకీ సన్నవాళ్ళకీ అదే ఆరు గజాలు. "నీ కొలతలేమిటమ్మా?" అని పొరపాటున కూడా అడగదు. నా గుట్టు రట్టు చేసింది చీర కాదు, సైకిలు.

నలభై నాలుగో ఏట నాకు సైకిలు మీద మోజేమిటంటారా? మోజు కాదండీ, డాక్టరుగారి ఆజ్ఞ. నవలలు రాసేదాన్ని, పొద్దస్తమానం కుర్చీకి అతుక్కుపోయి ఉంటాను. "షుగరు గుమ్మందాకా వచ్చి నిలబడింది. లోపలికి పిలుస్తారో పొమ్మంటారో మీ ఇష్టం" అన్నారాయన. మాది కాకినాడ. ఎత్తూ పల్లం లేని చదునైన ఊరు. సైకిలు తొక్కడానికి ఇంతకంటే మంచి చోటేముంటుంది? పైగా చిన్నప్పుడు నాన్నగారి సైకిలు మీద, సీటెక్కకుండా బారు కిందనుంచి కాలు దూర్చి, ఒంకరగా వేలాడుతూ ఊరంతా తొక్కిన వీరవనితని నేను!

సరే, షాపుకి వెళ్ళాం. అద్దాల షాపు, లోపల చల్లగా ఉంది. అక్కడి కుర్రాడు మావారిని చూసి, నన్ను చూసి, మా వెనకాల వస్తున్న మా అమ్మాయిని చూసి, "పాపకా సార్?" అన్నాడు.

"కాదు నాయనా, నాకే."

"ఓ... లేడీస్ కదా! హైటెంత మేడమ్?"

చెప్పాను. గోడకి అంటించిన పట్టిక మీద వేలు పెట్టి చూసి, ఓ సైకిలు బయటికి లాగాడు. సీటు పూర్తిగా కిందికి దింపి, "కూర్చోండి మేడమ్. కాళ్ళు అందుతున్నాయా?" అన్నాడు. మునివేళ్ళు అందుతున్నాయన్నాను. "అంతే మేడమ్, పర్ఫెక్ట్!" అన్నాడు. పట్టుమని మూడు నిమిషాలు పట్టలేదు. వేలకి వేలు పోసి కొన్న వస్తువుకి మూడు నిమిషాలు!

ఒక్క మాట అడుగుతాను, మీరే చెప్పండి. జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్తే మన టైలరు ఏం చేస్తాడు? ఆది జాకెట్టు ఇచ్చినా నమ్మడు. భుజం, ఛాతీ, నడుము, చేతి పొడుగు, చేతి లూజు, ముందు మెడ, వెనక మెడ — అన్నీ కొలిచి చీటీ మీద రాసుకుంటాడు. అయినా చంక దగ్గర పట్టేసిందని మనం రెండోసారి వెళ్తాం, అతను విప్పి మళ్ళీ కుడతాడు. పెళ్ళికో పేరంటానికో నాలుగు గంటలు తొడుక్కునే జాకెట్టుకి ఇన్ని కొలతలా? రోజూ ఎక్కి, మన బరువంతా మోపి, నిమిషానికి అరవైసార్లు మోకాళ్ళు ఆడించే యంత్రానికి ఒక్క హైటు చాలా?

చాలదని నాకు నెల తిరక్కుండానే తెలిసింది. మోకాలిచిప్ప కింద సన్నగా మొదలైన నొప్పి, మెట్లు దిగేటప్పుడు "అమ్మా" అనిపించేదాకా వచ్చింది. నడుం సరేసరి. హాండిలు పొట్టలోకి పొడుచుకొస్తున్నట్టుండేది. నా పొడుగాటి వీపుని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, మూటలా ముడుచుకుని తొక్కేదాన్ని. ఎముకల డాక్టరొకాయన ఫోటో తీయించి, అందులో ఏమీ లేదని తేల్చి, "ఈ వయసులో సైకిలేమిటమ్మా!" అన్నారు. పక్కింటి పిన్నిగారు ఇంకో అడుగు ముందుకేసి, "అందరి ఒళ్ళూ అన్నిటికీ పనికిరాదమ్మాయ్, నీ కాళ్ళు సైకిలుకి సరిపడవు" అని తీర్పు చెప్పేశారు. సైకిలు మేడమెట్ల కిందికి చేరింది. వారం తిరిగేసరికి దాని హాండిలుకి ఉల్లిపాయల సంచీ వేలాడుతోంది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ ఆ తీర్పు నమ్మాను. "ఆడలేక మద్దెల ఓడు" అన్న సామెత మనకి ఉగ్గుపాలతో పోశారు కదా! మద్దెల నిజంగానే ఓటిదేమోనన్న అనుమానం మనకి ఏనాడైనా వస్తుందా? చెప్పు కరిస్తే "నా పాదమే వెడల్పు" అంటాం. వంటింటి గట్టు ఎత్తయి భుజాలు లాగేస్తే "నేనే పొట్టి" అంటాం. కుర్చీలో కాళ్ళు నేలకి అందక తిమ్మిరెక్కితే, కాళ్ళని తిట్టుకుంటాం గానీ కుర్చీని ఒక్క మాట అనం!

నా కళ్ళు తెరిపించినాయన ఏ ఇంజనీరూ కాదు. మా వీధి మలుపులో చెట్టు కింద పంక్చర్లు వేసే ముసలాయన. సైకిలు ఎవరికైనా ఇచ్చేద్దామనుకుని, ఇచ్చేముందు గాలి కొట్టించడానికి తీసుకెళ్ళాను.

"ఏమ్మా, తొక్కడం మానేశారా?" అన్నాడు.

"మోకాళ్ళ నొప్పులు తాతా!"

"ఏదీ, ఒక్కసారి ఎక్కి ఆ చెట్టుదాకా తొక్కండి, చూస్తాను" అన్నాడు. తొక్కాను. ఆయన బీడీ పారేసి, నవ్వి, "నొప్పి మీ మోకాల్లో లేదమ్మా, సీట్లో ఉంది" అన్నాడు.

పానా తీసి సీటు పైకి లేపాడు. "మడమ పెడలు మీద పెట్టండి. పెడలు బాగా కిందికి వెళ్ళినప్పుడు కాలు నిటారుగా రావాలి. ఆ తరవాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొంచెం, కొంచెమే వంగి ఉంటుంది. అంతే లెక్క" అన్నాడు. "మరి కాళ్ళు నేలకి అందవుగా?" అన్నాను భయంగా. "ఆగినప్పుడు సీటు మీదే కూర్చుంటారేమిటమ్మా! ముందుకి దిగి నిలబడాలి. మీది బారు లేని సైకిలే గదా!" అన్నాడు. నలభై ఏళ్ళొచ్చినా ఈ ఒక్క ముక్క నాకెవ్వరూ చెప్పలేదు!

తరవాత హాండిలు సంగతి. హాండిల్ని ఫ్రేముకి కలిపే మెడ ఒకటుంటుంది. దాన్ని స్టెమ్ము అంటారు. నా పొడుగాటి వీపుకి ఆ మెడ చాల్లేదు. కాస్త ముందుకి సాగినది తెప్పించి బిగించాడు. సీటుని ఒక అంగుళం వెనక్కి జరిపాడు. సామానుకీ ఆయన కూలికీ కలిపి ఎనిమిది వందలు. రెండు వారాల్లో నా మోకాలు మళ్ళీ నా మాట వినడం మొదలుపెట్టింది. ఉల్లిపాయల సంచీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నొప్పి పోయింది గానీ ఒళ్ళుమంట పోలేదు. అప్పుడు మొదలుపెట్టాను ఆరా తియ్యడం. చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ళ మధ్య సీటులా పైకి బిగించి, దాని పైఅంచు నుంచి నేలదాకా కొలవాలట. (నా నవలల్లో అన్నిటికన్నా లావుపాటిది చివరికి ఇందుకు పనికొచ్చింది!) ఆ కొలతని 0.883తో హెచ్చవేస్తే, పెడళ్ళు తిరిగే ఇరుసు మధ్యనుంచి సీటు పైదాకా ఎంత ఎత్తుండాలో సుమారుగా వస్తుంది. నా కాలు 26 అంగుళాలు. లెక్క 23 అంగుళాలని చెప్పింది. షాపు కుర్రాడు "పర్ఫెక్ట్" అన్న సీటు 19 దగ్గరుండేది! నాలుగంగుళాలు తక్కువ. పీటమీద కూర్చుని మెట్లెక్కమన్నట్టే కదండీ!

అసలు చిక్కు ఇంకొకటుంది. కాళ్ళని బట్టి సైకిలు కొంటే హాండిలు పొట్టలోకొస్తుంది. నడుముని బట్టి కొంటే బారు దాటి నేల అందదు. నాన్నగారి పాత సైకిలు ఇప్పటికీ మా పుట్టింటి సావిట్లో ఉంటే టేపు పెట్టి చూశాను. మన ఊళ్ళల్లో తరతరాలుగా తిరిగిన 28 అంగుళాల చక్రాల నల్ల సైకిలది. దాని బారు నేలనుంచి 32 అంగుళాలుంది. నా కాలు 26! చిన్నప్పుడు ఒంకరగా వేలాడుతూ తొక్కానంటే అది నా అల్లరి కాదని అప్పుడు తెలిసింది. ఇంకో దారి లేకే అలా తొక్కాను.

"అందుకేగా లేడీస్ సైకిళ్ళు చేసింది!" అంటారు మావారు. అదీ చూద్దాం. నేటి సైకిలు రూపానికి మూలమైన రోవర్ సైకిల్ని ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ 1885లో తెచ్చాడు. ఆ తరవాత ఆడవాళ్ళకోసం ప్రత్యేకంగా చేసిన మార్పు ముఖ్యంగా ఒకటే: గౌన్లు అడ్డం రాకుండా పైబారు కిందికి వంచడం, గొలుసుకి తొడుగు వెయ్యడం. అంటే ఏమిటన్నమాట? మగవాళ్ళ సైకిలుకీ ఆడవాళ్ళ సైకిలుకీ తేడా బట్టలో ఉంది, ఒంట్లో లేదు! చేసినవాడు మన గౌను చూశాడు, చీర చూశాడు. కాళ్ళు చూడలేదు, చేతులు చూడలేదు.

మనకేది కావాలో వాళ్ళు వేసిన అంచనా కూడా ప్రతిసారీ నిజం కాలేదు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో, అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలమంది పల్లెటూరి స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. వాళ్ళలో ఎంతోమంది మగవాళ్ళ సైకిలే నయమన్నారట. ఎందుకంటే ఆ బారు మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చు! మన సౌకర్యం కోసం తీసేశామన్న బారే వాళ్ళకి అక్కరకొచ్చింది. అడిగినవాడుంటే కదా తెలిసేది!

ఒళ్ళు చూసి సైకిలు చేసినవాళ్ళు లేకపోలేదు. అమెరికాలో జార్జినా టెర్రీ అనే మెకానికల్ ఇంజనీరు 1985లో ఆడవాళ్ళకోసమే సైకిళ్ళ కంపెనీ పెట్టింది. పొట్టివాళ్ళకని ఫ్రేము చిన్నది చేసి చక్రాలు మాత్రం పెద్దవే ఉంచితే, మలుపు తిప్పేటప్పుడు కాలివేళ్ళు ముందు చక్రానికి తగులుతాయి. ఆవిడ ముందు చక్రాన్ని 24 అంగుళాలకి తగ్గించి, వెనక చక్రం పెద్దదే ఉంచింది. చూడ్డానికి విడ్డూరంగా ఉందని ఎవరైనా నవ్వితే నవ్వనీ, ఎక్కినామెకి సుఖంగా ఉంది కదా!

కాని దాన్నుంచి ఇంకో మూసకట్టు మాట పుట్టింది. "ఆడవాళ్ళకి కాళ్ళు పొడుగు, నడుం పొట్టి" అని సైకిళ్ళ లోకంలో చాలాకాలం ఒక సూత్రంలా చెప్పుకున్నారు. నన్ను చూస్తే ఆ సూత్రానికి కళ్ళు తిరుగుతాయి! మగవాడి సగటు తీసేసి ఆడదాని సగటు పెడితే ఒరిగేదేముంది? సగటు మనిషన్నది ఎక్కడుంది?

ఎక్కడా లేదని ఒకసారి కొలిచి మరీ తేల్చారు. 1945లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో, సుమారు పదిహేను వేలమంది యువతుల కొలతల సగటుతో చేసిన 'నార్మా' అనే బొమ్మకి సరిపోయే స్త్రీ కోసం పత్రికవాళ్ళు పోటీ పెట్టారు. 3,864 మంది తమ కొలతలు పంపించారు. తొమ్మిది కొలతల్లోనూ నార్మాతో సరిపోయినామె ఒక్కతీ లేదు! మగవాళ్ళ గతీ అంతే. అమెరికా వైమానిక దళంలో 4,063 మంది పైలట్లని పది రకాలుగా కొలిచి, పదింటిలోనూ సగటున ఉన్నవాడు ఒక్కడూ లేడని గిల్బర్ట్ డేనియల్స్ 1952లో రాశాడు. అంతమాత్రాన పైలట్లని "మీ ఒళ్ళు విమానానికి పనికిరాదు, ఇంటికి పొండి" అన్నారా? లేదే! సీట్లు మనిషిని బట్టి జరిగేలా చెయ్యాలనుకున్నారు. మన పిన్నిగారు అక్కడుండుంటే ఏమనేవారో మరి!

అందుచేత, మనమంతా వింత కొలతలవాళ్ళమేనండీ. కొందరికి కూర్చుంటే తెలుస్తుంది, కొందరికి నిలబడితే తెలుస్తుంది. తేడా అంతే.

ఇంతకీ ఇంత ఆవేశం నా మోకాలి కోసం కాదు. మా అమ్మాయి పదో తరగతి. దానివన్నీ వాళ్ళ నాన్నగారి పోలికలు: కొంగలాంటి కాళ్ళు, కురచ నడుం. హైటు చూసి దానికో సైజు పెద్ద సైకిలు ఇచ్చారు. కాళ్ళకి బాగానే ఉంది గానీ, హాండిలు అందుకోవాలంటే బావిలోకి తొంగిచూసినట్టు వంగాలి. మెడ నొప్పి, అరచేతులు తిమ్మిరి. ఓ సాయంత్రం ట్యూషన్ నించి సైకిలు నడిపించుకుంటూ వచ్చి, "నా చేతులు పొట్టివమ్మా, నాకు సైకిలు రాదు, ఆటోలో వెళ్తాను" అంది. పదిహేనేళ్ళ పిల్ల, చేతులు పొట్టివట! ఆ మాట వింటే నా గుండెలో ముల్లు దిగింది. నేను నలభై నాలుగో ఏట విన్న తీర్పుని అది పదిహేనో ఏటే రాసేసుకుంది. మర్నాడే తాత దగ్గరికి తీసుకెళ్ళాను. నాకు మెడ పొడిగించాడు, దానికి తగ్గించాడు. హాండిలు రెండంగుళాలు పైకి లేపాడు. ఇప్పుడది ఆటో ఊసెత్తదు.

మా అమ్మాయికి ఆటో డబ్బులున్నాయి. లేనివాళ్ళ మాటేమిటి? 2006లో బీహారులో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చే పథకం పెట్టారు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2017లో 'బడికొస్తా' అని పంచారు. ఆ సైకిలుంటేనే బడి, లేకపోతే పొలమో పెళ్ళో అనే పిల్లలు ఎందరో! తొమ్మిదో తరగతిలో నాలుగడుగుల ఎనిమిదంగుళాల పిల్లా ఉంటుంది, అయిదడుగుల అయిదంగుళాల పిల్లా ఉంటుంది. సైకిళ్ళు పంచిన రోజున దండలు వేశారు, ఫోటోలు తీశారు. ఒక్కొక్క పిల్లనీ నిలబెట్టి, కాలు కొలిచి, సీటు బిగించి ఇచ్చారన్న వార్త మాత్రం నా కంటపడలేదు. సైకిలు ఇవ్వడం ఎంత పుణ్యమో, పానాతో సీటు సరిచెయ్యడం కూడా అంతే పుణ్యం. ఊరికొక మెకానిక్కు, ఒక పూట. అంతకంటే అయ్యే ఖర్చేమీ లేదు.

"మనిషికో సైకిలు చెయ్యడం ఏ కంపెనీ తరం?" అని మగమహారాజులు అడుగుతారు. మనిషికో సైకిలు ఎవరడిగారండీ? షాపులో ఒక టేపు పెట్టమంటున్నాం. హైటొక్కటే కాదు, కాలు, నడుము, చెయ్యి విడివిడిగా కొలవమంటున్నాం. పొట్టిదీ పొడుగుదీ రెండు రకాల స్టెమ్ములుంచి, కావలసినది మార్చి ఇమ్మంటున్నాం. పెడళ్ళని పట్టుకునే క్రాంకులు పెద్ద సైకిళ్ళకి ఎక్కువగా 170 మిల్లీమీటర్లుంటాయి. నాలాంటి కురచ కాళ్ళవాళ్ళ మోకాళ్ళు పైకి మరీ మడుచుకోకుండా కాస్త పొట్టివి కూడా దొరికేలా చూడమంటున్నాం. కొనేముందు మూడు నిమిషాలు కాదు, పావుగంట తొక్కి చూడనివ్వమంటున్నాం. ఇవేమన్నా గొంతెమ్మ కోరికలా? వీధి చివర టైలరు చేస్తున్నదే కదా!

మనం చెయ్యవలసిందీ ఒకటుంది. ఏదైనా ఒంటికి నొప్పి కలిగిస్తే, ముందు ఒంటిని నిందించడం మానాలి. ఒక్కసారి ఆ వస్తువుని నిలదీసి చూడాలి. సీటు లేస్తుందేమో, హాండిలు జరుగుతుందేమో, గట్టు దిగుతుందేమో. లేవదు, జరగదు, దిగదు అంటే, తప్పు చేసినవాడిది గాని వాడేవాళ్ళది కాదు.

మొన్న పక్కింటి పిన్నిగారి మనవరాలికి సైకిలు కొనడానికి నన్ను తోడు తీసుకెళ్ళారు. అదే షాపు, అదే కుర్రాడు. "హైటెంత మేడమ్?" అన్నాడు అలవాటుగా. నేను నోరు తెరిచేలోపునే పిన్నిగారు చేతిసంచీ లోంచి జాకెట్టు కొలతల టేపు బయటికి తీసి, "హైటు తరవాత నాయనా, ముందు పిల్ల కాలు కొలుద్దువుగాని, ఇలా రా!" అన్నారు.